“వీలుకాదు” అను మాట



పల్లెటూరివాడు పట్టణమునకు పోయి ఏదేని కార్యాలయము మెట్లెక్కినపుడు తఱచుగా వినవలసివచ్చు మాట యొకటి కలదు. అది “వీలుకాదు” అను మాట. టెలిఫోను కొఱకు పోయినవాడు ఈ మాటను విన్నంతగా మఱి యే పనికి పోయినవాడును వినియుండడని నా తలంపు. నేటి నా ప్రసంగమునకు విషయము ఆ మాటయే.

నేను ఉన్నత పాఠశాలలో ముప్పదియేండ్లకు పైగా పిల్లలకు తెలుగు చెప్పినవాడను. శబ్దమునకు అర్థము నిర్ణయించునపుడు ప్రకరణమును చూడవలెనని మాకు గురువులు బోధించిరి. సైంధవమనగా ఉప్పును అగును, గుఱ్ఱమును అగును. భోజనమునకు కూర్చున్నవాడు సైంధవము తెమ్మన్నచో గుఱ్ఱమును తెచ్చి విస్తరి ముందు నిలుపరాదు. ప్రయాణమునకు బయలుదేరినవాడు తెమ్మన్నచో ఉప్పు చేతిలో పోయరాదు. “వీలుకాదు” అను మాటయు నిట్టిదే. టెలిఫోను విషయమున దానికి మూడర్థములు కలవు. చోటు లేదనుట ఒకటి. దారి లేదనుట రెండవది. లాభము లేదనుట మూడవది. ఈ మూడును వేఱువేఱు రోగములు. వేఱువేఱు మందులు కలవు. మూడింటికిని ఒకే మాట చెప్పి పంపివేయుటచేతను, మనము ఆ యొక్క మాట విని తిరిగివచ్చుటచేతను పల్లెలకు చాల కాలము నష్టము కలిగినది.

ఇంత చిన్న విషయమునకు ఇంత విచారము దేనికని మీరు అడుగవచ్చును. టెలిఫోను ఇప్పుడు ఊరిలో ధనవంతుని యింటి అలంకారము కాదు. 2005వ సంవత్సరము ఆగస్టు 15వ తేదీన మన తెలుగుదేశమున 108 అంబులెన్సు ప్రారంభమైనది. ఆ బండి ఎంత వేగముగ పరుగెత్తగలిగినను, పిలుపు పోనిదే కదలదు. చౌకధరల దుకాణములో వ్రేలిముద్ర తీసికొను యంత్రమునకు సిగ్నలు అందనిచో బియ్యము తూచు త్రాసు ఆగిపోవును. బ్యాంకువారు పంపు ఓటీపీ సంఖ్య చేరనిచో మన సొమ్మే మనకు చేతికి రాదు. పూర్వము టెలిఫోను లేని ఊరికి వార్తలు ఆలస్యముగా వచ్చెడివి. ఇప్పుడు టెలిఫోను లేని ఊరికి అన్నము, వైద్యము, ధనము కూడ ఆలస్యమగుచున్నవి.

ఇక మొదటి యర్థమును చూతము. చోటు లేదనుట.

మన దేశమున టెలిఫోను ఎక్స్చేంజీలు 1882వ సంవత్సరము జనవరిలో కలకత్తా, బొంబాయి, మదరాసు నగరములందు తెఱవబడినవి. నాటినుండి నూఱేండ్ల వఱకు టెలిఫోను నగరముల వస్తువుగనే పెరిగినది. తీగల టెలిఫోను పద్ధతిలో ప్రతి యింటికిని ఎక్స్చేంజినుండి ఒక జత రాగితీగ రావలెను. ఆ జత వచ్చి కలియుటకు ఎక్స్చేంజిలో ఒక స్థానము ఖాళీగ నుండవలెను. రైలుపెట్టెలో కూర్చుండు బల్ల వంటిదే యిది. పెట్టె నిండినయెడల టిక్కెట్టు కొన్నవాడు కూడ నిలువవలసినదే. అట్లు నిలుచున్నవారి పట్టికకే వెయిటింగు లిస్టు అని పేరు.

1990లో మా గ్రామస్థులు పదునొకండుగురు టెలిఫోను కొఱకు అర్జీలు పెట్టిరి. అక్షరము వచ్చినవాడనగుటచే అన్నిటిని వ్రాసినవాడను నేనే. డిపాజిట్టు కట్టితిమి, రసీదులు పొందితిమి. కార్యాలయమువారు మా యర్జీలను తీసికొని, “ఇప్పుడు వీలుకాదు, వరుస వచ్చినపుడు తెలుపుదుము” అనిరి. వారిని నేను తప్పుపట్టను. నిజముగనే ఎక్స్చేంజిలో చోటు లేదు. పెద్ద యంత్రములను తెప్పింపవలెను. వానికి చల్లదనము గల గదులు కట్టవలెను. చల్లదనమునకు నిరంతరము విద్యుత్తు కావలెను. పల్లెటూరి విద్యుత్తు సంగతి మీకు నేను చెప్పవలసిన పని లేదు.

ఈ మొదటి రోగమునకు మందు మన దేశమువారే కనుగొనిరి. 1984లో కేంద్రప్రభుత్వము సి-డాట్ అను పరిశోధన సంస్థను స్థాపించినది. శ్రీ శాం పిట్రోడా మొదలగువారు అందు పనిచేసిరి. మన యెండను, మన దుమ్మును ఓర్చుకొని, చల్లదనపు గది యక్కఱలేకయే పనిచేయు చిన్న గ్రామీణ ఎక్స్చేంజిని ఆ సంస్థవారు తయారుచేసిరి. అందు 128 స్థానములు మాత్రమే యుండును. మొదటిది 1986లో కర్ణాటక రాష్ట్రమందలి కిత్తూరులో నెలకొల్పబడినది. తరువాత అట్టివి దేశమంతట వేలకొలదిగ వెలసినవి. మా మండలకేంద్రమునకును ఒకటి వచ్చినది. నగరమునకు తగిన పెద్ద యంత్రమును పల్లెకు మోసికొని రావలెనన్నంత కాలము వీలుకాలేదు. పల్లెకు తగిన యంత్రమును చేసినవెంటనే వీలైనది. ఈ సంగతి మీరు జ్ఞాపకముంచుకొనవలెను.

చోటు దొరికినది గదా యని మేము సంతోషించితిమి. మరల కార్యాలయమునకు పోతిమి. మరల అదే మాట వింటిమి. కాని ఈసారి దాని యర్థము మారినది. ఇది రెండవ యర్థము: దారి లేదనుట.

మండలకేంద్రమునుండి మా యూరు తొమ్మిది కిలోమీటర్లు. నడుమ నొక వాగు కలదు. తీగ పొడుగైనకొలదియు దానిలో విద్యుత్తునకు అడ్డు పెరిగి మాట సన్నగిల్లును. మఱియు తొమ్మిది కిలోమీటర్లు తీగ లాగుటకు స్తంభములు కావలెను. స్తంభములకు గోతులు కావలెను. వానకాలమున వాగు కోసివేసిన స్తంభమును మరల నిలుపుటకు మనుష్యులు కావలెను. ఒక లైన్‌మన్‌కు పది పదునైదు ఊళ్లు. ఆయనకు ఉన్న వాహనము సైకిలు. ఆయనను తిట్టినవారే గాని, ఆయన పాదములకు చెప్పులున్నవా యని చూచినవారు మా యూరిలో తక్కువ.

ఈ యిబ్బందికి పరిష్కారముగా ఆ దినములలో రేడియో తరంగములతో పనిచేయు పబ్లిక్ టెలిఫోనును పల్లెలలో పెట్టసాగిరి. మా యూరికి 1993లో వచ్చినది. కిరాణా దుకాణము మీద ఒక యినుప స్తంభము, దానికి కొమ్ములవంటి యాంటెన్నా, ప్రక్కన సూర్యుని వెలుతురుతో బ్యాటరీని నింపు పలక. వచ్చిననాడు కొబ్బరికాయ కొట్టితిమి. ఆ పద్ధతిలో పదునైదు టెలిఫోనులకు కలిపి రెండే మార్గములు ఉండెడివి. రెండు ఊళ్లవారు మాటలాడుచున్నంత సేపు తక్కిన పదుమూడు ఊళ్లవారు మౌనము వహింపవలసినదే. కొన్ని నెలలు అది పనిచేసినది. పిమ్మట బ్యాటరీ చెడినది. బ్యాటరీ వచ్చుసరికి మఱియొక భాగము చెడినది. ఆ తరువాత ఆ స్తంభము కాకులు వ్రాలుటకు మాత్రమే ఉపయోగపడినది.

1996లో మా అక్కగారు అరువది కిలోమీటర్ల దూరమందున్న పట్టణములో కాలము చేసిరి. ఆమె కుమారులు ఆ రాత్రి మా యూరి టెలిఫోనునకు పలుమాఱు ప్రయత్నించిరట. అది మ్రోగలేదు. తెల్లవాఱిన పిదప తంతి యిచ్చిరి. తంతి మండలకేంద్రమునకు వచ్చి, అచ్చటనుండి సైకిలుమీద మా యింటికి చేరుసరికి మఱునాటి సాయంకాలమైనది. నాకు తల్లి తరువాత తల్లియైన ఆమెను కడసారి చూచుకొనుటకు నోచుకొనక, సంచయనమునకు మాత్రము అందితిని. అరువది కిలోమీటర్లు ఆ కాలపు బస్సులో రెండున్నర గంటల ప్రయాణము. అది దూరము కాదు. మాట నడచుటకు దారి లేకపోవుటయే దూరము.

ఇట్టి రేడియో టెలిఫోనుల స్థితి దేశమంతట నట్లే యుండెను. అందుచేతనే 2003 తరువాత ప్రభుత్వము లక్షకు మించిన సంఖ్యలో వానిని తీసివేసి వేఱు పద్ధతుల టెలిఫోనులను పెట్టింపవలసివచ్చినది. మా యూరికి రాగితీగ 1999లో వచ్చినది. అర్జీ పెట్టిన పదునొకండుగురిలో అప్పటికి ముగ్గురు జీవించి లేరు.

కాలము మారినది. తీగ పోయి టవరు వచ్చినది. రాగి పోయి గాజుపోగువంటి ఫైబరు వచ్చినది. మాట మాత్రము మారలేదు. నేటికిని కొన్ని ఊళ్లవారికి “దారి లేదు” అనియే చెప్పుచున్నారు. టవరునకు తీగతో పనిలేదని మనము అనుకొందుము. అది సగమే నిజము. మన చేతిలోని సెల్ఫోనునుండి టవరువఱకు మాట గాలిలో పోవును. టవరునుండి ఆవలకు అది ఫైబరు మీదనో, మఱియొక టవరును ఎదురుగ చూచుచున్న రేడియో పళ్లెము మీదుగనో పోవలెను. నడుమ కొండ యడ్డమైనచో ఆ పళ్లెములు ఒకదానినొకటి చూడజాలవు. మన్యములో నాలుగు గుట్టల నడుమనున్న గూడెమునకు సిగ్నలు రాకుండుటకు కారణమిదియే. అచ్చటివారు సెల్ఫోను చేతబట్టుకొని గుట్ట యెక్కుచుండుట మనము చూచుచునే యున్నాము. జ్వరముతో నున్న బిడ్డను ఇంటిలో విడిచి, సహాయమును పిలుచుటకై గుట్ట యెక్కవలసివచ్చిన తల్లి స్థితిని మీరే ఊహింపుడు.

అయినను ఈ రెండవ రోగమునకును మందు కలదు. కొత్తదారి త్రవ్వలేనపుడు ఉన్నదారిని వాడుకొనవలెను. ఆంధ్రప్రదేశమున ఫైబరును చాల భాగము నేలలో పూడ్చక విద్యుత్ స్తంభములమీదుగనే లాగిరి. కరెంటు పోయిన ప్రతి యూరికిని స్తంభము ఉన్నది గదా! తెలంగాణమున మిషన్ భగీరథ త్రాగునీటి గొట్టములకు త్రవ్విన కందకములలోనే ఫైబరునకును గొట్టములు వేసిరి. నీరు పోవు దారినే మాటయు పోవును. గాలివానకు స్తంభములమీది ఫైబరు తెగవచ్చును. రోడ్డు వెడల్పు చేయునపుడు నేలలోనిది తెగవచ్చును. తెగినదానిని అతుకవచ్చును. దారియే లేదనుట మాత్రము ఇక చెల్లదు.

ఇక మూడవ యర్థము. దీనిని ఎవ్వరును నోటితో చెప్పరు. లాభము లేదనుట.

నగరములో ఒక మేడకు తీగ తెచ్చినచో నలువది కుటుంబములు బిల్లు కట్టును. అదే వ్యయముతో పల్లెకు తెచ్చినచో నలుగురు కట్టుదురు. టవరు నిలుపుటకు నగరములోను కొండమీదను అయ్యెడి వ్యయములో కొండమీదిదే యెక్కువ. వచ్చు రాబడిలో కొండమీదిదే తక్కువ. వ్యాపారము చేయువాడు లెక్క చూచుకొనును. అది వాని ధర్మము. కాని కొన్ని వస్తువులను వ్యాపారపు లెక్కకు విడిచిపెట్టరాదని మన పెద్దలు ఎఱుగుదురు. పోస్టుకార్డు వెల హైదరాబాదులో ఎంతయో అరకులోయలోను అంతే. కొండమీది గూడెమునకు జాబు మోసికొని పోవుటకు ఎక్కువ శ్రమయైనదని ఎక్కువ వెల అడుగలేదు. నగరమువాని కార్డు గూడెమువాని కార్డును మోసినది. టెలిఫోను విషయమునను ఇదే న్యాయము చెల్లవలెను.

ఈ న్యాయము కేవలము నా కోరిక కాదు, చట్టము. 2002వ సంవత్సరము ఏప్రిలు 1వ తేదీనుండి అమలునకు వచ్చునట్లు సార్వత్రిక సేవానిధి యొకటి ఏర్పడినది. 2003లో టెలిగ్రాఫు చట్టమును సవరించి దానికి చట్టబలము కలిగించిరి. టెలిఫోను కంపెనీలు తమ రాబడిలో నూటికి 5 వంతున ఈ నిధికి చెల్లింపవలెను. లాభము లేని ఊళ్లకు టెలిఫోను చేర్చుటయే దీని ప్రయోజనము. 2023వ సంవత్సరపు టెలికమ్యూనికేషన్ల చట్టములో దీనికి డిజిటల్ భారత్ నిధి యని పేరు మార్చిరి. ఈ నిధినుండియే 2021 నవంబరులో కేంద్రప్రభుత్వము ఆంధ్రప్రదేశము మొదలగు ఐదు రాష్ట్రములలో వెనుకబడిన 44 జిల్లాలందలి 7,287 గ్రామములకు మొబైలు సేవ కల్పింప నిర్ణయించినది. 2022 జులైలో దేశమందలి 24,680 గ్రామములకు 4జి సేవ చేర్చుటకు 26,316 కోట్ల రూపాయలు మంజూరు చేసినది. కావున ఇప్పుడు ఎవరైనను మీ యూరినుండి రాబడి లేదు గనుక వీలుకాదన్నచో, రాబడి లేని ఊరి కొఱకే యేర్పడిన సొమ్ము ఉన్నదని మీరు వినయముగ చెప్పవచ్చును. మనము భిక్ష అడుగుట లేదు. మన పేర వసూలైన దానిని అడుగుచున్నాము.

ఇచ్చట నొక హెచ్చరిక అవసరము. కాగితముమీది టెలిఫోను వేఱు, మ్రోగు టెలిఫోను వేఱు. 1994వ సంవత్సరపు జాతీయ టెలికాం విధానములో 1997 నాటికి అన్ని గ్రామములకు టెలిఫోను వచ్చునని వ్రాసిరి. 1999లో మరల విధానము వ్రాయునాటికి దాదాపు సగము గ్రామములు మిగిలియే యున్నవి. గడువు 2002కు జరిగినది. అంతకన్న విచిత్రమేమనగా, స్తంభముమీద కాకులు వ్రాలుచున్న ఆ దినములలో కూడ మా యూరు లెక్కలలో టెలిఫోను గల గ్రామముగనే యుండెను. టెలిఫోను లేని యూరికి ఎప్పుడో యొకప్పుడు వరుస వచ్చును. ఉన్నదని వ్రాయబడిన యూరికి వరుసయే రాదు. అందుచేత మన యూరిని గూర్చి లెక్కలలో ఏమి వ్రాయబడినదో తెలిసికొనుట మొదటి పని. 2024లో చేసిన నియమముల ప్రకారము కంపెనీలు తమ సిగ్నలు అందు ప్రదేశములను పటముగ తమ వెబ్‌సైటులలో చూపవలెను. చదువుకొన్న పిల్లవానిని పిలిచి ఆ పటములో మన యూరిని చూపుమని అడుగుడు. పటములో రంగు ఉండి ఊరిలో సిగ్నలు లేనిచో, ఆ భేదమే మీ యర్జీకి మొదటి వాక్యము.

ఇక మనము చేయవలసిన పనులు. అర్జీని ఒక్కడు వ్రాయుటకన్న గ్రామసభ తీర్మానముగ వ్రాయుట మేలు. ఒక్కని యర్జీ కోరిక. ఊరి తీర్మానము అవసరము. అందులో ఇండ్ల సంఖ్య, సిగ్నలు అందు అతి దగ్గఱి స్థలము, దాని దూరము, విద్యుత్ స్తంభములు ఊరివఱకు ఉన్నవో లేవో, టవరునకు పంచాయతి ఇవ్వగల స్థలమేదో వ్రాయవలెను. బడి, ఆరోగ్య ఉపకేంద్రము, చౌకధరల దుకాణము పడుచున్న యిబ్బందిని తేదీలతో వ్రాయవలెను. “చాల కష్టముగ నున్నది” అని పదిమాఱులు వ్రాయుటకన్న, ఫలానా తేదీన సిగ్నలు లేక ఇందఱికి బియ్యము అందలేదని ఒక్కమాఱు వ్రాయుట బలము. రసీదు పుచ్చుకొనక కార్యాలయపు గడప దాటరాదు.

నోటిమాటగ “వీలుకాదు” అన్నచో, కారణమును కాగితముమీద తెలుపుడని కోరవలెను. ఇయ్యనిచో 2005వ సంవత్సరపు సమాచార హక్కు చట్టము ఉన్నది. కేంద్రప్రభుత్వ కార్యాలయమునకైనచో పదిరూపాయల రుసుముతో అడుగవచ్చును. ముప్పది దినములలో సమాధాన మియ్యవలెను. ప్రైవేటు కంపెనీని ఈ చట్టము క్రింద నేరుగ అడుగుటకు వీలు లేదు. కాని నిధినిచ్చు ప్రభుత్వశాఖను అడుగవచ్చును. ఇదివఱకే కనెక్షను ఉండి అది చెడినవారు కంపెనీ ఫిర్యాదు కేంద్రమునకు తెలిపి ఫిర్యాదు సంఖ్యను వ్రాసియుంచుకొనవలెను. పని జరుగనిచో అదే కంపెనీలోని అప్పీలు అధికారికి వ్రాయవచ్చును. అప్పీలును 39 దినములలో తేల్చవలెనని 2012వ సంవత్సరపు నియమములు చెప్పుచున్నవి.

మన వంతు పని కూడ కలదు. టవరు ఎవరి చేనిలో నుండవలెనని తగవులాడుచు రెండేండ్లు గడపిన ఊళ్లను నేనెఱుగుదును. తీగను కోసి రాగిని అమ్ముకొన్న చేయి పరాయి యూరిది మాత్రమే కాదు. కాలువ త్రవ్వునపుడు క్రింద కేబులు ఉన్నదని చెప్పియు ఆగని యంత్రమును ఆపవలసినవారు ఊరి పెద్దలే. వచ్చినదానిని కాపాడుకొనని ఊరు రానిదానిని గట్టిగ అడుగజాలదు.

పెద్దలారా, పల్లెవాడు ఓర్పు గలవాడని అందఱు మెచ్చుకొందురు. ఓర్పు వేఱు, ఊరకుండుట వేఱు. రైతు వానకై యెదురుచూచును; కాని యెదురుచూచుచునే దుక్కి దున్నును. పై యేడు మీ యూరినుండి ఎవరైనను కార్యాలయమునకు పోయి “వీలుకాదు” అను మాట విన్నపుడు, కోపింపక, తల వంచుకొని తిరిగి రాక, ఒక్క ప్రశ్న అడుగవలెను: “అయ్యా, చోటు లేదందురా, దారి లేదందురా, లాభము లేదందురా?” మొదటిదైనచో ఎన్ని నెలలని అడుగుడు. రెండవదైనచో మీ యూరి స్తంభములను, గొట్టములను చూపుడు. మూడవదైనచో నిధి పేరు చెప్పుడు. ఏ యర్థమో తేలినచో సగము పని జరిగినట్లే. తక్కిన సగమునకు మీ తీర్మానమును, రసీదును, ఊరివారి ఐకమత్యమును సిద్ధముగ నుంచుకొనుడని మనవి చేయుచు సెలవు తీసికొనుచున్నాను.